ఒకే పేరున్న నాయకులు: వ్యాసానికి పేరు ఎలా పెడదాం? (శ్రీనివాసరావులు, ప్రభాకర్ రెడ్డిలు, జనార్దన్ రెడ్డిలు...)

భీమిలి తీరం
అందరికీ నమస్తే అండి. చాన్నాళ్ళుగా అడుగుదామనుకుంటున్నా, ఇవాళ మన తెలుగు వికీపీడియాలో భీమిలి నియోజకవర్గం పేజీలో గెలిచినవాళ్ళ పట్టిక సరిచేస్తుంటే ఇక అడక్క తప్పదనిపించింది. మా విశాఖ సంగతే తీసుకోండి. గంటా శ్రీనివాసరావు గారు ఒకరు, ముత్తంశెట్టి శ్రీనివాసరావు గారు ఒకరు. 1999లో అనకాపల్లి ఎంపీ గంటా, 2014లో అనకాపల్లి ఎంపీ ముత్తంశెట్టి. భీమిలిలో 2009లో ముత్తంశెట్టి గెలిచారు, 2014లో గంటా, 2019లో మళ్ళీ ముత్తంశెట్టి, 2024లో మళ్ళీ గంటా, అదీ ఒకరి మీద ఒకరు పోటీ చేసి. 2009లో ఇద్దరూ ప్రజారాజ్యమే, 2014లో ఇద్దరూ తెలుగుదేశమే, ఇద్దరూ మంత్రులుగా చేసినవాళ్ళే. ఇప్పుడు చెప్పండి, "శ్రీనివాసరావు (భీమిలి ఎమ్మెల్యే)" అని పేజీ పెడితే అది ఎవరిది? "(అనకాపల్లి ఎంపీ)" అంటే ఎవరు? "(మాజీ మంత్రి)" అంటే ఎవరు? బ్రాకెట్లో ఏం రాసినా ఇద్దరికీ సరిపోతోంది. వ్యాసాల పేర్లకి అందరం ఒక పద్ధతి అనుకుంటే మంచిది, ఎవరికి తోచినట్టు వాళ్ళు పెట్టుకుంటూ పోతే చదివేవాళ్ళు నష్టపోతారు.

పాలమూరు పోరడు
మా దిక్కు కూడా ఇదే కథ అన్నా. నాగర్‌కర్నూల్ 2018 ఎలక్షన్ జూడండ్రి, టీఆర్ఎస్ నుంచి మర్రి జనార్దన్ రెడ్డి, కాంగ్రెస్ నుంచి నాగం జనార్దన్ రెడ్డి. గెలిచింది జనార్దన్ రెడ్డి, ఓడింది జనార్దన్ రెడ్డి. ఇద్దరు కూడా ఆ సీటు మీద ఎమ్మెల్యేలు చేసినోళ్ళే. నాగం సార్ అయితే టీడీపీ, 2012 బై ఎలక్షన్ల ఇండిపెండెంట్, తర్వాత బీజేపీ, కాంగ్రెస్, 2023ల బీఆర్ఎస్... అంటే ఆఖరికి ఇద్దరు ఒకే పార్టీల ఉన్నరు. పార్టీ పేరు బ్రాకెట్ల పెడితె ఏ సంవత్సరం పార్టీ పెడ్తరు?

కొత్తచిగురు
నేను కొత్తగా రాస్తున్నా, తప్పుగా అనుకోకండి. ఇంగ్లీషులో పేరు పక్కన బ్రాకెట్లో రాజకీయ నాయకుడు అనో, పుట్టిన సంవత్సరమో, రాష్ట్రం పేరో పెడతారు కదా, మనం కూడా అదే పద్ధతి తీసుకుంటే గొడవ ఉండదు కదండీ? అంటే "ప్రభాకర్ రెడ్డి (తెలంగాణ రాజకీయ నాయకుడు)" ఇలాగ. నియోజకవర్గం కూడా కలిపితే ఇంకా క్లియర్‌గా ఉంటుందని నా అభిప్రాయం.

సింహపురి
చిగురు గారూ, మీరు ప్రభాకర్ రెడ్డి పేరు ఎత్తారు కాబట్టి నెల్లూరోడిగా నేను మాట్లాడాల్సిందే. 2019లో నెల్లూరు ఎంపీ ఆదాల ప్రభాకర్ రెడ్డి. 2024లో నెల్లూరు ఎంపీ వేమిరెడ్డి ప్రభాకర్ రెడ్డి. వెంట వెంటనే, ఒకాయన దిగి ఒకాయన ఎక్కాడు. "ప్రభాకర్ రెడ్డి (నెల్లూరు ఎంపీ)" అంటే ఎవరనుకోవాల? పోనీ పార్టీతో తేల్చుకుందామా అంటే ఆదాల 2014లో టీడీపీ టికెట్ మీద పోటీ చేసి ఓడిపోయి 2019లో వైసీపీ నుంచి గెలిచాడు, వేమిరెడ్డి వైసీపీ రాజ్యసభ సభ్యుడిగా ఉండి 2024లో టీడీపీ నుంచి లోక్‌సభకి గెలిచాడు. ఇద్దరూ రెండు పార్టీల్లోనూ ఉన్నారు. కొన్నాళ్ళు ఇద్దరూ ఒకే సమయంలో వైసీపీ ఎంపీలే, ఒకాయన లోక్‌సభ, ఒకాయన రాజ్యసభ. మా ఊళ్ళో మాత్రం ఎవరూ తికమక పడరు. ఆదాల అంటారు, వేమిరెడ్డి అంటారు, అంతే. ప్రభాకర్ రెడ్డి అని అసలు అననే అనరు.

పాత పేపర్లు
సింహపురి గారు చివర్లో అన్న మాట దగ్గరే అసలు విషయం ఉంది, అక్కడ కాసేపు ఆగండి. తెలుగువాళ్ళకి ఇంటిపేరు పేరుకి ముందే ఉంటుంది. మనకి బ్రాకెట్ అవసరం చాలా అరుదుగా వస్తుంది, ఎందుకంటే బ్రాకెట్ చేసే పని మన ఇంటిపేరే చేసేస్తుంది, అదీ జనం రోజూ పలికే మాటతో. ఇంగ్లీషు వాళ్ళకి జాన్ స్మిత్ అనే పేరుతో వందమంది ఉంటే బ్రాకెట్ తప్ప గతి లేదు, మనకి ఆ ఇబ్బంది ఎందుకు? ఎన్నికల సంఘం వాళ్ళకీ ఇదే సమస్య ఉంది, 1961 ఎన్నికల నిర్వహణ నియమాల్లో ఒకే పేరున్న అభ్యర్థులు ఉంటే వృత్తో, నివాసమో, ఇంకేదైనా గుర్తో పేరుకి చేర్చి వేరు చేయాలని రాసి ఉంది. 2015 నుంచి ఓటింగ్ యంత్రం మీద అభ్యర్థి ఫొటో కూడా పెడుతున్నారు. 2014లో ఛత్తీస్‌గఢ్ మహాసముంద్‌లో చందూలాల్ సాహు అజిత్ జోగి మీద 1,217 ఓట్లతో బయటపడ్డారు, అదే పేరుతోనో దానికి దగ్గరి పేరుతోనో చాలామంది స్వతంత్రులు నిలబడబట్టి. అక్కడ పోలింగ్ బూత్‌లో ఓటరుకి ఉన్న ఇబ్బందే మన దగ్గర పాఠకుడికీ ఉంది.

నా ప్రతిపాదన ఒకటే. ఇంటిపేరు పూర్తిగా రాసి ఆ తర్వాత పేరు. పొడి అక్షరాలు (ఇంటిపేరు బదులు కె., పి. లాంటివి) వద్దు. బ్రాకెట్ అన్నది ఇంటిపేరుతో కూడా తేలనప్పుడు మాత్రమే.

పొడి అక్షరాలు ఎందుకు వద్దంటున్నానో ఒక్క ఉదాహరణ. కె. ప్రభాకర్ రెడ్డి, టీఆర్ఎస్. ఎవరు? కొత్త ప్రభాకర్ రెడ్డా, కూసుకుంట్ల ప్రభాకర్ రెడ్డా? ఒకరు 2014 ఉపఎన్నికలో, 2019లో మెదక్ ఎంపీగా గెలిచి 2023లో దుబ్బాక ఎమ్మెల్యే అయ్యారు, ఇంకొకరు 2014లో, తర్వాత 2022 ఉపఎన్నికలో మునుగోడు ఎమ్మెల్యే అయ్యారు. ఇద్దరికీ కె. కుదురుతుంది, ఇద్దరికీ ఒకే పార్టీ, ఒకే రాష్ట్రం.

పాలమూరు పోరడు
గిది మంచిగ చెప్పిండ్రు సార్. నేను ఒప్పుకుంటున్న.

కొత్తచిగురు
అర్థమైంది సార్. కానీ నేను అనువాద పరికరంతో పేజీ చేస్తే పేరు దానంతటదే ఇంగ్లీషులో ఉన్నట్టు వస్తోంది, అక్కడ పొడి అక్షరాలు ఉంటే ఇక్కడా అవే. మార్చుకోవచ్చా, లేకపోతే ఇంగ్లీషు పేజీతో లింకు తెగిపోతుందా?

దారిమార్పు
లింకు తెగదు. భాషల మధ్య లింకులు వికీడేటా (అన్ని భాషల వికీలకీ ఉమ్మడిగా ఉండే సమాచార నిధి) చూసుకుంటుంది, మన పేజీ పేరు ఏదైనా పెట్టుకోవచ్చు, ప్రచురించే ముందే శీర్షిక పెట్టె మీద నొక్కి మార్చేయండి. దయచేసి ప్రచురించాక కాదు, ముందే. ఎందుకంటే తర్వాత తరలిస్తే, అంటే పేజీ పేరు మారిస్తే, పాత పేరు దారిమార్పుగా (నొక్కితే కొత్త పేరున్న పేజీకి తీసుకెళ్ళేదిగా) మిగిలిపోతుంది, "కె. ప్రభాకర్ రెడ్డి" అనేది ఒకాయన పేజీకి దారిమార్పు అయి కూర్చుంటే ఇంకొకాయన గురించి రాసిన లింకులన్నీ తిన్నగా తప్పు మనిషి దగ్గరకి వెళ్తాయి. ఎర్రలింకు అయితే పేజీ లేదని కనిపిస్తుంది, ఎవరో ఒకరు సరిచేస్తారు. నీలం లింకు అయితే అంతా బాగానే ఉందనుకుంటాం, అదే ప్రమాదం.

ఇంకొకటి, ఇది చాలామంది పట్టించుకోరు. "ప్రభాకర్‌రెడ్డి" అని కలిపి రాసినప్పుడు పొల్లు విడిగా కనబడాలంటే ర్ కి రె కి మధ్య కంటికి కనబడని ఒక అక్షరం పడుతుంది, అది లేకపోతే "ప్రభాకర్రెడ్డి" అయిపోతుంది. కొన్ని కీబోర్డుల్లో అది పడుతుంది, కొన్నిట్లో పడదు, ఇంకొన్నిట్లో రెండుసార్లు పడుతుంది. రెండుసార్లు పడ్డ పేరూ ఒకసారి పడ్డ పేరూ తెర మీద అచ్చంగా ఒకేలా ఉంటాయి, సాఫ్ట్‌వేర్‌కి మాత్రం రెండు వేరు వేరు శీర్షికలు. అలా ఒకే మనిషికి రెండు పేజీలు పుట్టే ప్రమాదం ఉంది. అందుకని రెడ్డికి ముందు ఖాళీ వదలమని నా మనవి, "ప్రభాకర్ రెడ్డి". కలిపి రాసిన రూపానికి దారిమార్పు పెడదాం. జనార్దన్/జనార్ధన్, చంద్రశేఖర్/చంద్రశేఖర, శ్రీనివాస్/శ్రీనివాస వీటన్నిటికీ అంతే. వెతికేవాళ్ళు ఎలా టైపు చేసినా దొరకాలి, అసలు పేజీ మాత్రం ఒక్కటే ఉండాలి.

ఓరుగల్లు వాణి
పాత పేపర్లు మాస్టారూ, మీ మాట ఎక్కువ భాగం ఒప్పుకుంటాను కానీ "పొడి అక్షరాలు వద్దు" అని గీత గీసేయడం నాకు నచ్చలేదు. పీజేఆర్ సంగతి ఏం చేస్తారు? ఖైరతాబాద్ పి. జనార్దన్ రెడ్డి అంటే హైదరాబాద్‌లో ఆ తరం వాళ్ళందరికీ తెలుసు, పబ్బతిరెడ్డి జనార్దన్ రెడ్డి అంటే ఎంతమంది గుర్తుపడతారు? 2007లో పోయారాయన, అప్పటి పేపర్లు తిరగేయండి, పీజేఆర్ అనే ఉంటుంది. డి. శ్రీనివాస్, వి. హనుమంతరావు కూడా అంతే. అలాగే భీమిలి తీరం గారు రాసిన ముత్తంశెట్టి గారిని బయట అవంతి శ్రీనివాస్ అంటారు, వాళ్ళ విద్యాసంస్థల పేరు మీద.

ఇక నానిలు. 2019 జగన్ మంత్రివర్గంలో ముగ్గురు నానిలు: ఆళ్ళ నాని, పేర్ని నాని, కొడాలి నాని. అదే సమయంలో విజయవాడ ఎంపీ కేశినేని నాని. కొడాలి శ్రీ వెంకటేశ్వరరావు అని శీర్షిక పెడితే ఎవరైనా వెతుకుతారా అసలు? పేర్ని వెంకట్రామయ్య అంటే బందరు బయట ఎవరికి తెలుసు? ఆళ్ళ నాని, కేశినేని నాని ఇద్దరి అసలు పేరులోనూ శ్రీనివాస్ ఉంది, అంటే అసలు పేరుకి పోతే మళ్ళీ మనం మొదటి సమస్యకే వస్తాం.

జనం ఏ పేరుతో పిలుస్తారో అదే శీర్షిక. ఇంటిపేరు అనేది ఆ తర్వాత.

భీమిలి తీరం
వాణి గారూ, మీరు చెప్పిన నానిల్లో కూడా చూడండి, నలుగుర్నీ విడదీస్తున్నది ఇంటిపేరే. కొడాలి, పేర్ని, ఆళ్ళ, కేశినేని. ఎవరూ "నాని (గుడివాడ)" అనట్లేదు. కాబట్టి మీ మాటకీ మాస్టారి మాటకీ పెద్ద తేడా లేదనుకుంటా. ఇంటిపేరు + జనం పిలిచే పేరు. పీజేఆర్ లాంటి వాళ్ళు ఉంటారు, వాళ్ళ చర్చ పేజీలో కారణం రాసి పొడి అక్షరంతోనే ఉంచుదాం, పూర్తి పేరుకి దారిమార్పు పెడదాం. అవంతి గారి విషయం మాత్రం నాకు తేల్చుకోవడం కష్టంగా ఉంది, ఎన్నికల కాగితాల్లో ముత్తంశెట్టి, టీవీల్లో అవంతి.

పాత పేపర్లు
వాణి గారి అభ్యంతరం సబబే. "పొడి అక్షరాలు వద్దు" బదులు "ఆ పొడి అక్షరంతో ఆ పేరు ఒక్కరినే గుర్తు చేస్తుందని చూపించగలిగితేనే" అని పెడదాం. పి. జనార్దన్ రెడ్డి ఆ పరీక్షలో నెగ్గుతారు. కె. ప్రభాకర్ రెడ్డి నెగ్గదు. ఎన్. కిరణ్ కుమార్ రెడ్డి కూడా నెగ్గేదే, చివరి ఉమ్మడి ముఖ్యమంత్రి కాబట్టి, కానీ 2024లో భువనగిరి నుంచి చామల కిరణ్ కుమార్ రెడ్డి ఎంపీ అయ్యారు, ఇక ఇప్పుడు ఉత్త కిరణ్ కుమార్ రెడ్డి అని రాసే ప్రతి లింకూ చూసుకోవాల్సిందే. నల్లారి కిరణ్ కుమార్ రెడ్డి అని పూర్తిగా రాయడమే క్షేమం.

పాలమూరు పోరడు
ఇంకో ముచ్చట అడుగుత. ఉత్త పేరుతోని ఎవరన్న ఎతికితే ఎవరి పేజీ రావాలె? "కిషన్ రెడ్డి" అని కొడితే కేంద్రమంత్రి గంగాపురం కిషన్ రెడ్డి సార్ పేజీకి సీదా పోవాలె అని ఒకాయన నాతోని వాదిచ్చిండు, దేశమంత తెలిసిన మనిషి అని. కానీ ఇబ్రహీంపట్నంల పోయి కిషన్ రెడ్డి అంటే మంచిరెడ్డి కిషన్ రెడ్డి అనే అంటరు, 2009 నుంచి 2023 దాక ఆయననే ఎమ్మెల్యే అక్కడ. మరి ఎవరి లెక్క చూడాలె?

దారిమార్పు
ఎక్కువమంది వెతికేది ఒక్కరి కోసమే అని వీక్షణల లెక్కలో గట్టిగా తేలితే ఉత్త పేరుని ఆయనకి ఇచ్చి, పైన "ఇదే పేరున్న ఇతర వ్యక్తుల కోసం" అని ఒక లైను పెట్టడం ఒక పద్ధతి. కానీ రాజకీయ నాయకుల విషయంలో నేను దానికి వ్యతిరేకం. పదవులు మారతాయి. ఇవాళ కేంద్రమంత్రి, ఐదేళ్ళకి ఇంకొకరు. ప్రతి ఎన్నికకీ శీర్షికలు తరలించుకుంటూ కూర్చోలేం. ఉత్త పేరు ఎప్పుడూ అయోమయ నివృత్తి పేజీకే (ఆ పేరున్న వాళ్ళందరి జాబితా ఉండే పేజీకే) పోవాలి. పాఠకుడికి ఒక్క నొక్కు ఎక్కువ పడుతుంది, తప్పు మనిషి గురించి చదవడం కంటే అది వెయ్యి రెట్లు నయం.

ఓరుగల్లు వాణి
దీనికి నా పూర్తి మద్దతు.

సింహపురి
మద్దతు.

బురుజు
కర్నూలు నుంచి. ఇప్పటిదాకా అందరూ ఇంటిపేరుతో తేలిపోయే కేసులే చెప్పారు, తేలని కేసు నేను చెప్తా. బుడ్డా వెంగళరెడ్డి. ఒకరు ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి, 1866 కరువులో వేలమందికి అన్నం పెట్టిన మహానుభావుడు, మా సీమలో ఇప్పటికీ ఆయన మీద పాటలు పాడతారు. ఇంకొకరు ఆత్మకూరు నుంచి టీడీపీ ఎమ్మెల్యేగా చేసిన బుడ్డా వెంగళరెడ్డి. ఇంటిపేరు అదే, పేరు అదే, జిల్లా కూడా అదే. ఇక్కడ ఏం చేస్తారు?

పైగా బ్రాకెట్లో ఆత్మకూరు అని పెడదామన్నా, ఆత్మకూరు మా కర్నూలులో ఒకటి ఉండేది, నెల్లూరు జిల్లాలో ఒకటి ఉంది. మాది 2008 పునర్విభజనలో పోయి శ్రీశైలం నియోజకవర్గం వచ్చింది. అంటే నియోజకవర్గం పేరే ఇంకో అయోమయ నివృత్తి అడుగుతోంది. గన్నవరం, పి. గన్నవరం కూడా అంతే, ఒకటి కృష్ణా, ఒకటి కోనసీమ.

సింహపురి
అవునండీ, మా ఆత్మకూరు వేరు. ఆ రెండిటినీ ఒకటనుకుని రాస్తే ఇక్కడి నాయకులు అక్కడ, అక్కడి వాళ్ళు ఇక్కడ పడతారు.

పాత పేపర్లు
బురుజు గారిది నిజంగా గట్టి ప్రశ్న. మన దగ్గర ఇది ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే తాత పేరు మనవడికి పెట్టడం మన ఆచారం, ఇంటిపేరు ఎలాగూ ఒకటే, కాబట్టి అచ్చంగా ఒకే పేరు వచ్చేస్తుంది. నందమూరి తారక రామారావు అంటే తాతా, మనవడూ. బాపట్ల ఎంపీగా చేసిన నిర్మాత దగ్గుబాటి రామానాయుడు పేరే మనవడిదీ, ఆయన్ని రానా అంటారు కాబట్టి గండం గడిచింది. అన్ని ఇళ్ళల్లో అలా ముద్దుపేరు అక్కరకి రాదు కదా.

అలాంటి చోట బ్రాకెట్ తప్పదు. కానీ బ్రాకెట్లో పెట్టేది ఎప్పటికీ మారనిదై ఉండాలి. పార్టీ మారుతుంది, పదవి మారుతుంది, నియోజకవర్గం మారుతుంది, ఇప్పుడు చూశారుగా, ఏకంగా నియోజకవర్గమే మాయమవుతుంది. జిల్లా కూడా మారుతుంది, 2016లో తెలంగాణలో, 2022లో ఆంధ్రలో జిల్లాలు ఎలా మారాయో అందరికీ తెలుసు. మారనివి రెండే: మనిషి దేని వల్ల పేరు తెచ్చుకున్నాడో ఆ పని, పుట్టిన సంవత్సరం. ఒకరు దాత, ఒకరు రాజకీయ నాయకుడు అయితే వృత్తి చాలు. ఇద్దరూ రాజకీయ నాయకులే అయితే పుట్టిన సంవత్సరం.

కొత్తచిగురు
వృత్తి అంటే డాక్టర్ లాంటివి కూడా పెట్టొచ్చా? జగిత్యాల సంజయ్ కుమార్ గారి పేజీ చూస్తూ అడుగుతున్నా.

పాలమూరు పోరడు
చిగురు తమ్మీ, నువ్వు సరిగ్గ కరెక్ట్ కేసే పట్టుకున్నవ్. జగిత్యాల ఎమ్మెల్యే ఎం. సంజయ్ కుమార్ డాక్టరే, పక్కనే కోరుట్ల ఎమ్మెల్యే కల్వకుంట్ల సంజయ్ గూడ డాక్టరే. రెండు సీట్లు ఒక్క జిల్లాలనే, 2023ల ఇద్దరు బీఆర్ఎస్ మీదనే గెలిచిండ్రు. డాక్టర్ అంటే ఏం తేలది. బండి సంజయ్ సార్ ఎట్లనూ ఉండనే ఉన్నడు.

దారిమార్పు
డాక్టర్, ప్రొఫెసర్, శ్రీ, గారు ఇవేవీ శీర్షికలో ఉండవు, అది ముందునుంచీ ఉన్న పద్ధతే. బ్రాకెట్లో వృత్తి అంటే ఆ వ్యాసం ఎందుకు ఉందో ఆ వృత్తి.

బురుజు
పుట్టిన సంవత్సరం అంటున్నారు కానీ చదివేవాడికి నాయకుడు పుట్టిన సంవత్సరం ఏం తెలుస్తుంది? 1948 అని కనపడితే ఎవరో ఎలా పోల్చుకుంటాడు? నా మటుకు నాకు ఊరు నయం. ఉయ్యాలవాడ అనగానే మావాళ్ళకి తెలుస్తుంది.

పాత పేపర్లు
శీర్షిక చూసి పోల్చుకోవడానికి కాదు, శీర్షిక తప్పు కాకుండా ఉండటానికి. పోల్చుకోవడం అయోమయ నివృత్తి పేజీలో జరుగుతుంది, అక్కడ ఒక్కొక్కరి పక్కన ఒక లైను రాస్తాం కదా. అయితే ఊరు అన్నది మీరు చెప్పిన కేసులో చాలా సహజంగా ఉంది, జనమే అలా పిలుస్తున్నారు కాబట్టి. జనం నోట్లో ఉన్న ఊరు అయితే నాకు అభ్యంతరం లేదు. మనం కూర్చుని కల్పించిన ఊరు వద్దు.

బురుజు
అలాగైతే సరే.

ఓరుగల్లు వాణి
ఇదంతా పేర్ల గోల అని ఎవరైనా అనుకుంటారేమో, అందుకే ఇది రాస్తున్నా. బతికున్న మనుషుల గురించి రాస్తున్నాం మనం. 2023 అక్టోబరులో దుబ్బాక ప్రచారంలో కొత్త ప్రభాకర్ రెడ్డి గారి మీద కత్తితో దాడి జరిగింది. అలాంటి వార్త వచ్చిన గంటలో పేజీల మీద పడి రాసేవాళ్ళు ఎంతమంది ఉంటారో మీకు తెలుసు. వాళ్ళకి దొరికిన లింకు తప్పుదైతే మునుగోడు ఆయన పేజీలో కత్తిపోటు వార్త వచ్చేస్తుంది. అది సానుభూతి వార్త కాబట్టి సరే, అదే ఒక కేసు వార్త, అరెస్టు వార్త, చనిపోయారన్న వార్త అయితే? అఫిడవిట్లలో క్రిమినల్ కేసుల సంఖ్య ఉంటుంది, ఒకరిది తెచ్చి ఇంకొకరికి అంటిస్తే ఆ మనిషికి ఎంత అన్యాయం. మన పేజీ చూసి పేపర్లు రాస్తాయి, పేపర్ని మళ్ళీ మనం ఆధారంగా చూపిస్తాం, ఇక ఆ తప్పు తీయడం ఎవరి వల్లా కాదు. ఫొటోలు కూడా అంతే, వికీ ఫొటోలు దాచే కామన్స్‌లో ప్రభాకర్ రెడ్డి అని ఉన్న ఫొటో ఏ ప్రభాకర్ రెడ్డిదో చూడకుండా పెట్టొద్దు.

కాబట్టి పేజీ పేరుతో పాటు ఇంకో రెండు తప్పనిసరి చేద్దాం. ఒకటి, వార్తలో పేరు మాత్రమే ఉండి ఇంటిపేరు, నియోజకవర్గం లేకపోతే ఆ వార్త వాడొద్దు. రెండు, ఇలాంటి పేజీ ప్రతిదాని పైనా ఇదే పేరున్న ఇతరుల కోసం అన్న లైను ఉండాలి.

కొత్తచిగురు
వాణి మేడం, ఇది నేను ఇంతవరకు ఆలోచించలేదు. మొదటిది కచ్చితంగా పాటిస్తా.

పాత పేపర్లు
పాతవాళ్ళ గురించి కూడా ఒక మాట. 1952, 1955, 1962 ఎన్నికల ఫలితాల పుస్తకాల్లో చాలా పేర్లు పొడి అక్షరాలతోనే ఉంటాయి. ఒక పి. వెంకటరెడ్డి 1955లో ఒక చోట, 1967లో పక్క నియోజకవర్గంలో కనిపిస్తే ఒకే మనిషి అనుకుని ఒక పేజీలో కలిపేయకండి. శాసనసభ జీవిత విశేషాల పుస్తకాలో, జిల్లా చరిత్రలో, అప్పటి పత్రికలో చూసి ఇద్దరూ ఒకరే అని తేలితేనే కలపండి. తేలకపోతే నియోజకవర్గం పట్టికలో పేరు ఉత్తగా వదిలేయండి, లింకు పెట్టకండి. తండ్రి గెలిచిన సీట్లో కొడుకు గెలవడం, అన్న సీట్లో తమ్ముడు గెలవడం మన దగ్గర మామూలే, పేర్లు దగ్గరగా ఉంటే ఇద్దరు ముగ్గురి జీవితాలు కలిసి ఒకాయన తొంభై ఏళ్ళ వయసులో కూడా గెలిచినట్టు తయారవుతుంది.

దారిమార్పు
వికీడేటాలోనూ ఇదే జాగ్రత్త. పేరు ఒకటే కదా అని రెండు అంశాలు విలీనం చేయకండి, అది అన్ని భాషల పేజీలకీ అంటుకుంటుంది. తెలుగు వివరణ దగ్గర ఉత్తగా "భారత రాజకీయ నాయకుడు" అని వదిలేస్తే వెతికే పెట్టెలో ఐదుగురికీ అదే కనబడుతుంది, ఎవర్ని ఎంచుకోవాలో తెలియదు. అక్కడ నియోజకవర్గం రాయండి, అక్కడ రాస్తే నష్టం లేదు, మార్చుకోవడం తేలిక.

ప్రభాకర్ రెడ్డి నివృత్తి పేజీకి ముసాయిదా పెడుతున్నా, చూసి చెప్పండి:

ప్రభాకర్ రెడ్డి పేరుతో ఈ కింది వ్యక్తులున్నారు:
ఆదాల ప్రభాకర్ రెడ్డి – 2019లో నెల్లూరు నుంచి లోక్‌సభకు ఎన్నికైన నాయకుడు
కూసుకుంట్ల ప్రభాకర్ రెడ్డి – 2014లోను, 2022 ఉపఎన్నికలోను మునుగోడు నుంచి శాసనసభకు ఎన్నికైన నాయకుడు
కొత్త ప్రభాకర్ రెడ్డి – మెదక్ మాజీ ఎంపీ, ప్రస్తుత దుబ్బాక ఎమ్మెల్యే
జె.సి. ప్రభాకర్ రెడ్డి – 2014లో తాడిపత్రి నుంచి శాసనసభకు ఎన్నికైన నాయకుడు
వేమిరెడ్డి ప్రభాకర్ రెడ్డి – రాజ్యసభ మాజీ సభ్యుడు, 2024లో నెల్లూరు నుంచి లోక్‌సభకు ఎన్నికైన నాయకుడు
ఎం. ప్రభాకర్ రెడ్డి – తెలుగు సినిమా నటుడు

సింహపురి
బాగుంది. కొత్త ప్రభాకర్ రెడ్డి గారి లైను మాత్రం మిగతావాటిలాగే మార్చండి. "ప్రస్తుత", "మాజీ" అని రాస్తే అయిదేళ్ళకి తప్పైపోద్ది, ఎవరూ వచ్చి మార్చరు. ఏ సంవత్సరంలో ఎక్కడ గెలిచాడో రాస్తే అది ఎప్పటికీ నిజమే. వేమిరెడ్డి గారి దగ్గర కూడా రాజ్యసభకి 2018లో ఎన్నికయ్యారని పెట్టండి.

దారిమార్పు
రెండూ మార్చాను.

భీమిలి తీరం
జె.సి. ని అలాగే ఉంచారు, మంచిది, ఆ ఇంటివాళ్ళని జేసీ అనే అందరూ అంటారు. పైన మాస్టారు చెప్పిన పరీక్షలో నెగ్గుతుంది.

అవంతి గారి విషయం కూడా తేల్చేద్దాం. నేను పత్రికలు, శాసనసభ, లోక్‌సభ జాబితాలు అన్నీ చూసాక ముత్తంశెట్టి శ్రీనివాసరావు అనే ఉంచి అవంతి శ్రీనివాస్ నుంచి దారిమార్పు పెడదామనుకుంటున్నా, వ్యాసం మొదటి వాక్యంలోనే ఆ పేరుతో ప్రసిద్ధులని రాద్దాం. వాణి గారూ, మీకు సమ్మతమేనా?

ఓరుగల్లు వాణి
నేనైతే అవంతి శ్రీనివాస్ అనే పెట్టేదాన్ని. కానీ దారిమార్పు ఉంటుంది, మొదటి వాక్యంలో ఉంటుంది కాబట్టి పాఠకుడికి ఇబ్బంది లేదు. చర్చ పేజీలో నా అభిప్రాయం కూడా రాసి ఉంచండి. కొడాలి నాని మాత్రం కొడాలి నానిగానే ఉండాలి, అక్కడ నేను తగ్గను.

భీమిలి తీరం
అది ఎవరూ మార్చట్లేదండి. శ్రీనివాసరావు పేజీ నేను చేస్తా, 2019 మంత్రివర్గంలోనే ఉన్న విజయవాడ వెలంపల్లి శ్రీనివాసరావు గారిని కూడా అందులో చేర్చాలి. శ్రీనివాస రెడ్డిలు వేరే పేజీ, పొంగులేటి, పోచారం... అది ఖమ్మం, నిజామాబాద్ వైపు వాళ్ళు ఎవరైనా తీసుకోండి.

పాలమూరు పోరడు
జనార్దన్ రెడ్డి నాది. నేదురుమల్లి, నాగం, మర్రి, గాలి, పీజేఆర్, ఐదుగురు లెక్కకొచ్చిండ్రు. గాలి జనార్దన్ రెడ్డి కర్ణాటక రాజకీయాలల్ల ఉన్నోడు అయినా తెలుగోళ్ళు ఎతికేటోళ్ళు మస్తుమంది ఉంటరు, పెడుతున్న. నాగర్‌కర్నూల్ పేజీల ఉన్న లింకులు ముందుగాల ఒక్కొక్కటి తెరిచి చూసి సరిచేస్త, 2018 పట్టిక కాడ గెలిచినాయన, ఓడినాయన తారుమారు కాకుండ జూడాలె.

కొత్తచిగురు
సాంబశివరావు పేరుతో నేను చేయొచ్చా? కావూరి సాంబశివరావు, రాయపాటి సాంబశివరావు ఇద్దరూ 2004లో, 2009లో కాంగ్రెస్ ఎంపీలు, ఒకరు ఏలూరు, ఒకరు గుంటూరు. కొత్తగూడెం కూనంనేని, పర్చూరు ఏలూరి కూడా ఉన్నారు. ఈ ఏలూరి ఇంటిపేరు, ఆ ఏలూరు నియోజకవర్గం, ఇది కూడా జాగ్రత్తగా చూడాలి కదా?

దారిమార్పు
చేయండి. కొత్త పేజీ మొదలుపెట్టే ముందు "ఇక్కడికి లింకున్న పేజీలు" నొక్కి ఉత్త సాంబశివరావు అని ఎవరెవరు లింకు ఇచ్చారో చూడండి, ఒక్కోటీ ఏ సాంబశివరావో తేల్చాకే మార్చండి. ఏదైనా తేలకపోతే ఇక్కడ పెట్టండి, మాస్టారి దగ్గర పాత పత్రికలు ఉన్నాయి.

పాత పేపర్లు
పెట్టండి, చూస్తాను.